ఎక్కడ నొప్పి పుడుతోంది? హెడ్‌ఫోన్స్ గురించి అపోహలు, వాస్తవాలు

కోఠి గుజరాతీ గల్లీలో హెడ్‌ఫోన్స్ రిపేర్ చేస్తుంటాను. ఈమధ్య నా దగ్గరికి పాడైనవాటి కంటే బాగానే పనిచేస్తూ నొప్పి పెట్టేవే ఎక్కువ వస్తున్నాయి. "నొక్కేస్తోందండీ, గంట కూడా పెట్టుకోలేకపోతున్నా, వేరేది ఏది కొనమంటారు?" అని అడుగుతారు. నేను ముందు ఒక్కటే అడుగుతాను: నొప్పి ఎక్కడ? నడినెత్తినా, కణతల దగ్గరా, చెవి డొప్పకా, చెవి వెనకా? ఇది తేల్చుకోకుండా కొత్తది కొంటే పాత నొప్పే కొత్త బిల్లుతో ఇంటికొస్తుంది.

అపోహ: "నా తల పెద్దది, నాకు ఏదీ పట్టదు."

తల కొలత వల్ల వచ్చిన ఇబ్బంది నేను చూసింది తక్కువ. చాలామంది డబ్బాలోంచి తీసినప్పుడు సైజు ఎలా ఉందో అలాగే పెట్టేసుకుంటారు. చెవుల మీది కప్పులు కిందికి చాలినంత దిగకపోతే బరువంతా నడినెత్తిన పడుతుంది. మరీ దించితే తల మీది బ్యాండ్ గాల్లో తేలి, ప్యాడ్ అడుగు అంచు దవడ మీద ఒరుసుకుంటుంది. చెవి రంధ్రం కప్పు మధ్యకి వచ్చేలా రెండు వైపులా విడివిడిగా సర్దుకోండి. ఒక పక్క నాలుగు క్లిక్కులు, రెండో పక్క ఐదు వచ్చినా కంగారు పడొద్దు, మన చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండాలని రూలేమీ లేదు.

ఇంకోటి, కుడి ఎడమలు. చాలా మోడళ్లలో ప్యాడ్ చెవి వెనక వైపు మందంగా, ముందు వైపు పల్చగా ఉంటుంది. తిప్పి పెట్టుకుంటే మందపు అంచు కణతని నొక్కుతుంది. నెలరోజులు తలనొప్పి పడ్డ ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి సమస్య ఇంతే. దానికి రిపేర్ చార్జీ ఏం తీసుకుంటాం?

అపోహ: "రేటు పెరిగితే సుఖం పెరుగుతుంది."

యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ బరువు సుమారు 385 గ్రాములు. అందులో సగం ధర కూడా లేని బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో సుమారు 270 గ్రాములు. సోనీ ఎక్స్‌ఎం5 దాదాపు 250. అలాగని తేలికైనదల్లా హాయిగా ఉంటుందనీ కాదు. బరువు నెత్తికి తెలుస్తుంది, పట్టు బుగ్గలకి తెలుస్తుంది. ఈ రెండూ వేర్వేరు. తక్కువ బరువున్నది కూడా గట్టిగా పట్టి నొప్పి పెట్టొచ్చు, బరువైనది కూడా తల మీద వెడల్పాటి పట్టీతో బరువు పంచుకుని ఊరుకోవచ్చు.

అపోహ: "పుస్తకాల దొంతర మీద సాగదీసి ఉంచితే సరిపోతుంది."

సగం నిజం. లోపల లోహపు పట్టీ ఉన్న బ్యాండ్ అయితే సాగుతుంది. మీ తల వెడల్పు కంటే ఒకటి, మహా అయితే రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్న అట్టపెట్టెకి ఒక రాత్రి తొడిగి, పొద్దున పెట్టుకుని చూడండి. చాలకపోతే ఇంకో రాత్రి. మొత్తం ప్లాస్టిక్ బ్యాండ్ అయితే వద్దు. అది సాగదు, మడత దగ్గర బీట వేస్తుంది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి వంచుదామనే ఆలోచన ఎవరిదో గానీ, దానివల్ల నాకు గిరాకీ బాగానే వస్తోంది.

మరీ వదులు చేసినా తిప్పలే. ప్యాడ్ చర్మానికి ఆనకపోతే ముందు బేస్, అంటే పాటలోని లోతైన శబ్దం, పోతుంది, బయటి గోల లోపలికొస్తుంది. అప్పుడు చెయ్యి వాల్యూమ్ మీదికి వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ 40 కాస్తా 20 అవుతుంది. అందుకే కొంచెం పట్టు ఉండనివ్వమంటాను.

అపోహ: "ప్యాడ్ మెత్తగా ఉంటే చాలు."

నా బల్ల మీద ఎక్కువ పని ఇక్కడే. ప్యాడ్‌కి మెత్తదనం కంటే లోతు ముఖ్యం. వాడగా వాడగా లోపలి ఫోమ్ అణిగిపోయి, చెవి డొప్ప లోపలి గుడ్డకి, దాని వెనక ఉన్న ప్లాస్టిక్‌కి తగులుతుంది. ఈ నొప్పి పెట్టుకున్న అరగంటకి మొదలవుతుంది, తీసేశాక కూడా డొప్ప మంటగా ఉంటుంది. స్కేలుతో మీ చెవి పొడవు, వెడల్పు, అది తల నుంచి ఎంత బయటికి ఉందో కొలవండి. ప్యాడ్ లోపలి రంధ్రం వాటికంటే పెద్దదిగా ఉండాలి. ప్యాడ్ కింద పల్చటి ఫోమ్ రింగ్ పెట్టి లోతు పెంచడం నేను తరచూ చేసే పని. ఖర్చు తక్కువ, నచ్చకపోతే తీసేయొచ్చు.

మనవాళ్లు రెగ్జిన్ అనే ఆ పైపూత మన ఎండకీ, ఉక్కకీ, చెమటకీ, తలనూనెకీ పొలుసులుగా రాలుతుంది. నల్ల పొట్టు చెవుల్లో, చొక్కా కాలర్ మీద కనబడిందంటే ప్యాడ్ పని అయిపోయినట్టే, హెడ్‌ఫోన్ పని కాదు. వెల్వెట్ లాంటి గుడ్డ ప్యాడ్లు వేస్తే గాలి ఆడుతుంది, వేసవిలో ప్రాణానికి హాయి. కానీ బేస్ కొంత తగ్గుతుంది, బయటి శబ్దం కొంత వస్తుంది. బయటి గోలని మైకుతో పట్టి తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవాటికి నేను గుడ్డవి వేయను. ప్యాడ్ సరిగ్గా మూయకపోతే లోపలి మైకు లెక్క తప్పుతుంది.

కొనేముందు పాతది ఎలా బిగించి ఉందో చూసుకోండి. కొన్నిటికి క్లిప్పులు, కొన్నిటికి అయస్కాంతం, కొన్నిటికి గమ్ము. ఆడియో టెక్నికా వాళ్ల ఏటీహెచ్ ఎం50ఎక్స్ లాంటివాటికి ప్యాడ్ అంచుని గాడిలోకి చుట్టూ ఎక్కించాలి. పాత ఏటీఎం కార్డు సాయం తీసుకుని ఓపిగ్గా చేస్తే పది నిమిషాలు. స్క్రూడ్రైవర్ మాత్రం వాడకండి, దాని కొన తగిలి చిరిగిన కొత్త ప్యాడ్లు ఎన్ని చూశానో.

అపోహ: "కళ్లజోడు ఉన్నవాళ్లకి చిన్నసైజు హెడ్‌ఫోన్సే గతి."

చెవి మీద కూర్చునే చిన్నవి డొప్పని కళ్లజోడు కాడకేసి అదుముతాయి, ఇంకా నొప్పి. చెవి చుట్టూ కూర్చునేవే మేలు, ప్యాడ్ మాత్రం మెత్తటి, నెమ్మదిగా అణిగే ఫోమ్‌ది కావాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక కాడల్ని కాస్త పైకి లేపి చూడండి. పల్చటి కాడలున్న ఫ్రేమ్ ఇంకా మంచిది.

ఆడవాళ్లు చెప్పే "చెవి వెనక పోటు"కి చాలాసార్లు కారణం దిద్దుల వెనక మర. ప్యాడ్ తమ్మెని నొక్కితే ఆ మర కొన చర్మంలోకి దిగుతుంది. దిద్దులు తీసి ఒకరోజు చూడమంటాను. కొప్పు, పెద్ద క్లిప్పు ఉంటే బ్యాండ్ ముందుకి జరిగి నుదుటి పైన బరువు పడుతుంది.

అపోహ: "రోజూ పెట్టుకుంటే పుర్రె నొక్కుకుపోతుంది."

పోదు. జుట్టు, పైచర్మం అణుగుతాయి, కాసేపటికి మామూలవుతాయి. ఎముకకి ఏమీ కాదు.

నాయిస్ క్యాన్సిలింగ్ వేయగానే చెవులు మూసుకుపోయినట్టు, విమానంలో ఉన్నట్టు అనిపిస్తే అది పట్టు వల్ల కాదు, నిజంగా గాలి ఒత్తిడి పెరగడమూ కాదు. ఆ బటన్ ఆపి చూడండి. పోతే ప్యాడ్ల మీద డబ్బు తగలేయనక్కర్లేదు, దాన్ని తక్కువలో పెట్టుకోండి.

ఇక మార్చేయమని నేను చెప్పేవి మూడే: మడత దగ్గర బీట వేసినవి, కప్పే చెవి కంటే చిన్నగా ఉన్నవి, ప్యాడ్ మార్చే వీలు లేకుండా అతికించేసినవి. కొత్తది చూసేటప్పుడు షాపులో 2 నిమిషాలు పెట్టుకుని "బాగుంది" అనేయకండి, 20 నిమిషాలు కూర్చోండి. రోజూ పెట్టుకునే కళ్లజోడుతో, రోజూ వేసుకునే జడతో. అంతసేపు కూర్చోనివ్వకపోతే, వాడి చూశాక కూడా వెనక్కి తీసుకునే చోట కొనండి. ఇంటికి తెచ్చాక వెనక్కి ఇచ్చే గడువు అయ్యేదాకా ప్యాడ్ల మీది ప్లాస్టిక్ కాగితం, డబ్బా పారేయకండి.