చిన్నాన్న దవడలోకి కాలి ఎముక ఎట్టా వచ్చిందంటే

పిల్లలూ,

నిన్న ఫోన్లో మీరిద్దరూ ఒకరి మీద ఒకరు పడి అడిగారు కదా, చిన్నాన్నకి ఆపరేషన్ దవడకైతే కాలికి కట్టెందుకు నాయనమ్మా అని. పక్కనుంచి మీ అమ్మ ఊరుకోండిరా అంటా ఉంది, నాకు సరిగ్గా చెప్పడం కుదర్లేదు, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తా ఉండా. ఏళ్ళ తరబడి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసినదాన్ని, ఏం కాదులే భయపడొద్దు అని ఒక్క మాట చెప్పి వదిలేయడానికి నాకు మనసొప్పదు.

ముందు వాడి దవడలో వచ్చిన గడ్డ సంగతి. దాని పేరు అమెలోబ్లాస్టోమా. పన్ను మీద తెల్లగా గట్టిగా ఉండే ఎనామిల్ ఉందే, పళ్ళు తయారయ్యేటప్పుడు దాన్ని చేసే కణాల్లో కొన్ని పనైపోయాక కూడా దవడలో మిగిలిపోతాయి, అట్టాంటి వాటిలోంచి పుట్టే గడ్డ ఇది. మామూలుగా ఒళ్ళంతా పాకదు కాబట్టి క్యాన్సర్ అనరు, కానీ పుట్టిన చోట ఎముకని లోపల్నుంచి తినేస్తా పోద్ది. పైగా నొప్పి ఉండదు, అసలు చిక్కంతా అక్కడే. మీ చిన్నాన్న కూడా పన్ను వాపేలే అనుకుని చాన్నాళ్ళు మాత్రలు మింగాడు. నెల్లూరులో పళ్ళ డాక్టర్ ఓపీజీ తీయిస్తే, దవడ మొత్తం ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే అది, వెనక దంతాల కింద ఎముక సబ్బు నురగలాగా బుడగలు బుడగలుగా కనపడింది. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే తేలిపోయింది.

గీకి తీసేస్తే చాలదా అంటారేమో, చాలదు, కంటికి కనపడని కణాలు చుట్టూ ఎముకలోకి దూరుంటాయి, మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని గడ్డకి అటూ ఇటూ ఒక సెంటీమీటరో ఇంకాస్తో మంచి ఎముకని కూడా కలిపి కోసేస్తారు. అట్టా కోస్తే దవడలో పెద్ద ఖాళీ వస్తుంది, దాన్నట్టే వదిలేస్తే మిగిలిన దవడ పక్కకి లాక్కుపోయి పై పళ్ళూ కింద పళ్ళూ కలవవు, నమలడం కష్టం, మాట తేడా వస్తుంది, మొహం ఒకపక్క లోపలికి పోతుంది.

మరి ఇనుప రాడ్డో ఏదో పెట్టొచ్చు కదా అని చిన్నోడు అడిగాడు, మంచి ప్రశ్న. టైటానియం ప్లేటు ఒక్కటే పెట్టే కేసులూ ఉండాయి. కానీ మనిషి రోజూ నమల్తానే ఉంటాడు, నమిలినప్పుడల్లా దాని మీద బలం పడి ఏళ్ళు గడిచేసరికి స్క్రూలు వదులవ్వడమో, ప్లేటు విరగడమో, చర్మం చీల్చుకుని బయటికి రావడమో జరగొచ్చు. ఎముకైతే ఎముకతో అతుక్కుపోతుంది.

ఆ ఎముకే కాల్లోంచి తీశారు. మోకాటి కింద రెండుంటాయి, ముందువైపు చేతికి తగిలే పెద్దది ఒంటి బరువులో ఎక్కువ భాగం మోస్తుంది, బయటి పక్కన పిక్క కండల్లో దాక్కుని సన్నగా ఉండేది ఫిబులా. దాన్ని తీసినా మనిషి నడుస్తాడు, కాకపోతే పైన మోకాటి దగ్గరా కింద చీలమండ దగ్గరా కొన్ని సెంటీమీటర్లు వదిలేస్తారు, ఆ కీళ్ళు పట్టు తప్పకుండా. 1975లో ఆస్ట్రేలియాలో ఇయాన్ టేలర్ అనే సర్జన్ ఫిబులాని రక్తనాళంతో సహా తీసి వేరే చోట అతికించొచ్చని చూపించాడు, 1989లో అమెరికాలో డేవిడ్ హిడాల్గో దాన్ని దవడకి వాడే పద్ధతి చెప్పాడు.

రక్తనాళంతో సహా అన్నా చూడండి, కిటుకంతా అందులోనే ఉంది. ఎముక ప్రాణమున్న వస్తువు, రక్తం లేకపోతే చచ్చిపోద్ది. అందుకే ఫిబులా వెంబడే పోయే ధమనినీ సిరల్నీ కూడా కోసుకొచ్చి మెడలో ఉండే నాళాలకి కలుపుతారు, అవి రెండు మూడు మిల్లీమీటర్ల లావుంటాయేమో, మైక్రోస్కోప్ కింద పెట్టి వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టాలి. దవడ వంపు తిరిగి ఉంటుంది, ఫిబులా తిన్నగా ఉంటుంది, కాబట్టి దాన్ని రెండు మూడు ముక్కలుగా ఏటవాలుగా కోసి ప్లేటుతో వంపుకి సరిపెట్టి బిగిస్తారు, ఆ కోతలు ఎక్కడ పడాలో ఇప్పుడు సీటీ స్కాన్ చూసి కంప్యూటర్లోనే ముందు లెక్కగడతా ఉండారు. ఒక టీమ్ మొహం దగ్గర, ఇంకో టీమ్ కాలి దగ్గర. చెన్నైలో వాణ్ణి పొద్దున్నే లోపలికి తీసకపోతే చీకటి పడ్డాక గానీ బయటికి తేలేదు.

ఆపరేషన్ కంటే నాకు భయమేసింది ఆ తర్వాత రెండు మూడు రోజులు. కాలి ఎముకతో పాటు ఒక చర్మం ముక్క కూడా తెచ్చి నోట్లో కుట్టారు, సిస్టర్ గంట గంటకీ వచ్చి టార్చి వేసి దాని రంగు చూసేది, వేలితో నొక్కి వదిలేది, ఒక్కోసారి సూదితో చిన్నగా గుచ్చేది. ఎర్రటి రక్తం మెల్లగా వస్తే బాగున్నట్టు. నల్లగా గబగబా కారితే సిరలో అడ్డం పడినట్టు, అసలు రాకుండా తెల్లగా పాలిపోతే ధమని మూసుకున్నట్టు, ఏది జరిగినా వెంటనే మళ్ళీ థియేటర్లోకి తీసకపోవాలి, ఆలస్యమైతే ఎముక దక్కదు. అర్ధరాత్రి కూడా ఒక్క గంట తప్పలేదా పిల్ల, ఎవరి బిడ్డోగానీ చల్లగా ఉండాలి.

పెద్దదాని డౌటు, కాలి చర్మం కదా నోట్లో వెంట్రుకలు మొలుస్తాయా అని. మొలుస్తాయమ్మా, కొందరికి నిజంగానే మొలుస్తాయి, తీయించుకోవచ్చు. అన్నం నమిల్తే కాలు నొప్పి పుట్టదు, కాలి నరాలతో దానికి సంబంధం తెగిపోయింది. పళ్ళు ఇప్పుడే పెట్టరు, ఎముక గట్టిగా అతుక్కున్నాక, మామూలుగా ఆర్నెల్లు దాటాక, అందులోనే స్క్రూలు దించి పెట్టొచ్చంట.

ఇంకోటి చెప్పాలి. చిన్నాన్నకొచ్చింది పొగాకు వల్ల కాదు. కానీ వార్డులో వాడి పక్క మంచాల్లో దవడ తీయించుకున్నోళ్ళు ఎక్కువమంది గుట్కా, ఖైనీ చెంపలో పెట్టుకునేవాళ్ళే. వాళ్ళది క్యాన్సర్, ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి రేడియేషన్ కూడా పెట్టించుకోవాల్సి ఉంటుంది. టంగుటూరు, కందుకూరు పక్క పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగినదాన్ని, ఆ పంటతో ఎన్ని ఇళ్ళు బతికాయో నాకు తెలుసు, అయినా చెప్తా ఉండా, కాలేజీలో ఎవడన్నా ప్యాకెట్ చింపి చేతిలో పోస్తే తీసుకోవద్దు.

పండక్కి వచ్చినప్పుడు ఇవి గుర్తుంచుకోండి. దవడలోంచి పోయే నరం గడ్డతో పాటు పోయింది కాబట్టి వాడికి కింది పెదవికి స్పర్శ లేదు, జావ తాగేటప్పుడు గడ్డం మీదికి కారినా తెలీదు, నవ్వకుండా, అయ్యో అనకుండా చేతిగుడ్డ అందించండి చాలు. చేపల పులుసు చేస్తా, వాడి ముక్కలో ముళ్ళు మీరే తీసి పెట్టాలి. మాట కొంచెం ముద్దగా వస్తుంది, మధ్యలో అందుకుని మీరు పూర్తి చేయొద్దు, వాడికది కోపం. కాలి మీద కుట్లు చూపించమంటే మాత్రం సంతోషంగా చూపిస్తాడు, అడగండి.

మీ నాయనమ్మ