వయోజన విద్యలో డిప్లొమా: తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

వయోజన విద్యలో గ్రాడ్యుయేట్ డిప్లొమా చేసేవాళ్ళకి పదకొండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. అంతకుముందు నేనూ అదే చదివాను. చేరాలా వద్దా అని అడగడానికి వచ్చేవాళ్ళ నోట దాదాపు ఇవే మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: ఇది చదువురాని వాళ్ళకి అక్షరాలు నేర్పే కోర్సు.

వాస్తవం: అక్షరాస్యత ఇందులో ఒక భాగం మాత్రమే. కొత్త నర్సులకి శిక్షణ ఇచ్చే సీనియర్ నర్సులు, వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్లు, కంపెనీల్లో ట్రైనర్లు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళు మా క్లాసులో పక్కపక్కనే కూర్చుంటారు. పెద్దవాళ్ళకి ఏది నేర్పేవాళ్ళయినా రావచ్చు.

అపోహ: పిల్లలకి చెప్పడం వస్తే పెద్దలకి చెప్పడం ఎంతసేపు?

వాస్తవం: నేనూ ఇలాగే అనుకుని చేరాను. అప్పటికే ఏడేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. మొదటి టీచింగ్ ప్రాక్టీస్‌లో భవన నిర్మాణ పనివాళ్ళకి నిష్పత్తుల పాఠం. సిమెంటు, ఇసుక ఉదాహరణగా తీసుకుని బోర్డంతా నింపేశాను. క్లాసు అయ్యాక వెనక కూర్చున్న సూపర్‌వైజర్ నా చేతిలో ఒక చీటీ పెట్టారు. అందులో రెండే లైన్లు: మీరు మాట్లాడింది 38 నిమిషాలు. వాళ్ళు మాట్లాడింది 5.

ముందు వరసలో ముప్పై ఏళ్ళుగా మాలు కలుపుతున్న మేస్త్రీగారు ఉన్నారు. ఆయన్ని నేను ఒక్క మాటా అడగలేదు. మర్నాడు అడిగాను. గోడకైతే ఒకటికి ఆరు, ప్లాస్టరింగ్‌కైతే ఒకటికి నాలుగు అని, ఎందుకలా మారుతుందో కూడా చెప్పారు. నిష్పత్తి ఆయనకి ఎప్పుడో వచ్చు. దాన్ని కాగితం మీద ఎలా రాస్తారో చూపించడమే నా పని. ఆ రోజు పాఠం సగం టైములో అయిపోయింది.

అమెరికా విద్యావేత్త మాల్కమ్ నోల్స్ ప్రచారంలోకి తెచ్చిన ‘ఆండ్రగోజీ’లో, అంటే పెద్దవాళ్ళకి బోధించే పద్ధతిలో, వాళ్ళ అనుభవానికి ఇంత పెద్దపీట వేసింది ఇందుకే. ఆ మాట మాత్రం ఆయన పుట్టించింది కాదు, 1833లోనే అలెగ్జాండర్ కాప్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు వాడాడు. నోల్స్ 1970లో పిల్లల బోధన వేరు, పెద్దల బోధన వేరు అని గట్టిగా గీత గీశాడు. 1980కల్లా ఆ గీతని తనే సడలించాడు. బొత్తిగా కొత్త విషయమైతే పెద్దవాళ్ళకీ చెయ్యి పట్టుకుని నేర్పాల్సి వస్తుంది. అందుకే నోల్స్ సూత్రాలు బట్టీపట్టి వచ్చిన విద్యార్థులతో నేను ముందు ఆయన గీత సడలించిన సంగతి చదివిస్తాను.

అపోహ: వయసు మీదపడ్డాక చదువు బుర్రకెక్కదు.

వాస్తవం: అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1928లోనే ఈ నమ్మకం తప్పని చూపించాడు. నేర్చుకునే వేగం కొంత తగ్గుతుంది కానీ శక్తి పోదు. క్లాసులో నాకు ఎదురయ్యే అసలు అడ్డంకి సిగ్గు. ‘కళ్ళజోడు మర్చిపోయానమ్మా, మీరే చదివి పెట్టండి’ అని ఒక పెద్దావిడ మూడు వారాలు వరసగా అన్నారు. నాలుగోవారం ఆవిడ చేతిసంచిలోంచి కళ్ళజోడు పెట్టె జారి కిందపడింది. నేను చూడనట్టే ఉండి, అందరినీ జంటలుగా కూర్చోబెట్టి చదివించాను. అలాంటి చోట ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోవడం ఈ డిప్లొమాలో నేర్పాల్సిన ముఖ్యమైన విషయం.

అపోహ: కొందరు చూసి, కొందరు విని నేర్చుకుంటారు, దాన్నిబట్టే పాఠం చెప్పాలి.

వాస్తవం: మనుషులకి ఇష్టాలుంటాయి, నిజమే. కానీ ఆ ఇష్టం ప్రకారం చెబితే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చారు. ‘చదివింది 10 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది’ అని శిక్షణ తరగతుల్లో చూపించే త్రికోణం బొమ్మా అంతే. అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో గీసిన అసలు బొమ్మలో అంకెలే లేవు. ట్రైనర్లూ, దయచేసి ఆ స్లైడు తీసేయండి.

అపోహ: డిప్లొమా చేతికొస్తే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: ఇది దేశాన్నిబట్టి, సంస్థనిబట్టి మారుతుంది. ఫీజు కట్టేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. టీచింగ్ ప్రాక్టీస్ ఎన్ని గంటలు, వెనక కూర్చుని చూసేది ఎవరు, చూశాక మీతో కూర్చుని మాట్లాడతారా అని అడగండి. అసలు ప్రాక్టీసే లేదన్నారంటే నేనైతే అక్కడ చేరమని చెప్పను.