మగ్గం గుంట అంచున

అరచేతులు వెల్లకిలా పెట్టి, వాటి మీద కూర్చోండి. చెరో వైపు ఒక గట్టి ఎముక తగులుతుంది. కటి ఎముకల అడుగు కొనలు అవి. ఇప్పుడు మెల్లగా పైకి లేవండి. ఎముక దాక్కుని, చేతికి కండ తగులుతుంది.

పిరుదుల్లో అంత కండ ఉంది కదా, కూర్చోవడానికి అదే పరుపు అనుకుంటాం. నిలబడినప్పుడు ఆ పెద్ద కండరం ఎముకను కప్పే మాట నిజమే. తుంటి మడిచి కూర్చోగానే అది పైకి జారి తప్పుకుంటుంది. తీరా అవసరమైన వేళకు పరుపు ఉండదన్నమాట! ఎముకకూ పీటకూ మధ్య మిగిలేవి చర్మం, కొవ్వు, బర్సా అనే చిన్న సంచి.

లాటిన్‌లో బర్సా అంటే సంచే. పాలిథిన్ కవరులో రెండు చుక్కల నూనె వేసి వేళ్ల మధ్య రుద్దితే ఎలా జారుతుందో అలా ఉంటుంది. ఒళ్లంతా కలిపి ఇలాంటివి 150 దాకా ఉంటాయి. ఎముక మీద కండ, చర్మం ఒరుసుకోకుండా చూడడమే వాటి పని.

పిరుదుల కింది సంచి వాపుకు ఇంగ్లిషులో పాత పేరు ‘నేతగాడి పిరుదు’. ఎందుకో నెల్లూరు జిల్లా పాటూరులోనో, 2022 దాకా అదే జిల్లాలో ఉన్న వెంకటగిరిలోనో గుంటమగ్గం చూస్తే తెలుస్తుంది. నేతకారుడు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, మార్చి మార్చి తొక్కుతాడు. కాలు మారినప్పుడల్లా ఒంటి బరువు ఒక ఎముక నుంచి రెండోదానికి ఒరుగుతుంది. అది వట్టి ఒత్తిడి కాదు, రాపిడి. అయినా దాన్ని ‘కూర్చుని చేసే పని’ అని తేలిగ్గా అనేస్తాం.

రాపిడి మితిమీరితే సంచి లోపలి పొర వాస్తుంది, ద్రవం ఎక్కువగా ఊరుతుంది, గోడలు మందమవుతాయి. గట్టి బల్ల మీద కూర్చుంటే సలుపు, లేస్తే ఉపశమనం. నొప్పి తొడ వెనక్కి పాకితే సయాటికా, అంటే నడుము నుంచి కాలికి దిగే పెద్ద నరం నొప్పి, అని పొరబడతారు. ఆ నరం ఈ ఎముక పక్కనుంచే దిగుతుంది మరి! గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు వాచే జబ్బు), కీళ్లవాతం ఉన్నవారికి రాపిడి లేకుండానే ఈ వాపు రావచ్చు.

చాలామందికి మెత్తటి దిండు, మధ్యమధ్య లేవడం, కొన్నాళ్లు వాపు తగ్గించే మాత్రలు సరిపోతాయి. సూదిమందు అరుదు. జ్వరంతోపాటు అక్కడ ఎర్రబడితే చీము పట్టిందేమో చూపించుకోవాలి. గడ్డ తగ్గకుండా పెరుగుతుంటే స్కానింగ్ తప్పదు, ఎందుకంటే ఆ చోట కణితి వచ్చినా మొదట్లో బర్సా వాపులాగే కనిపించవచ్చు.