వేలిముద్ర దొరికితే దోషి తేలినట్టేనా?

వేలిముద్రల విభాగంలో పనిచేసినంత కాలం నాకు పదే పదే ఎదురైన అపోహ, ఘటనా స్థలంలో ఎవరి ముద్ర దొరికితే వారే నేరస్థులన్నది. ముద్ర చెప్పేది ఆ వేలు ఆ వస్తువును తాకిందని మాత్రమే. ఎప్పుడు తాకింది, ఎందుకు తాకింది అన్నవి దర్యాప్తులో తేలవలసిన సంగతులు.

ఈ తేడాను న్యాయస్థానం 1898లోనే గుర్తించింది. అంతకు ముందు ఏడాది బెంగాల్‌లోని జల్పాయిగుడి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును గొంతు కోసి చంపి, డబ్బు దోచుకుపోయారు. అక్కడ దొరికిన బెంగాలీ పంచాంగం మీది రక్తపు మరక, ఆయన దగ్గర పనిచేసి దొంగతనం కేసులో జైలుకు వెళ్ళివచ్చిన కాంగాలీ చరణ్ కుడి బొటనవేలి ముద్రతో సరిపోయింది. అయినా, చంపింది అతనేనని చెప్పడానికి ఆ ఒక్క ముద్ర చాలదని భావించిన కోర్టు దొంగతనానికి మాత్రమే శిక్ష వేసి, హత్యానేరాన్ని కొట్టివేసింది. నూటపాతికేళ్ళ కిందటి కోర్టు పాటించిన ఈ జాగ్రత్త నేటి టీవీ చర్చల్లో కనిపించదు.

నష్టం చేసేది ఈ అపోహ పుట్టించే భయం. పొరుగింట్లో ఫ్యాను బిగించి వచ్చిన ఒక కుర్రాడు, తర్వాత అక్కడ దొంగతనం జరిగిందని విని, తానసలు ఆ గడపే తొక్కలేదని పోలీసులకు చెప్పాడు. ఫ్యాను రెక్క మీద అతని ముద్రలు బయటపడ్డాక అనుమానం అతని మీదికే మళ్ళింది. ఇంటి యజమానురాలు ఊరి నుంచి వచ్చి అసలు సంగతి చెప్పేదాకా ఆ కుటుంబం పడిన వేదన నేను చూశాను. వెళ్ళిన మాట నిజమైతే వెళ్ళానని చెప్పడమే రక్ష. ఘటనా స్థలంలో ఆధారాలు సేకరించే పోలీసు బృందం, అంటే క్లూస్ టీం, ఇంటివారి ముద్రలు అడిగేది ముఖ్యంగా వాటిని లెక్కలోంచి తీసివేయడానికే కనుక, దానికి కంగారు పడనక్కరలేదు.

మిగిలిన అపోహలకు రెండు మాటలు చాలు. వేలిముద్రల వర్గీకరణకు బ్రిటిష్ పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది గానీ, ముద్రలను 1,024 గడుల్లోకి విడదీసే ఆ పద్ధతిని రూపుదిద్దడంలో ముఖ్యులు కలకత్తాలో ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. బెంగాల్‌లో పనిచేసిన బ్రిటిష్ అధికారి విలియం హెర్షెల్ 1858లో అరచేతి ముద్ర వేయించుకున్నది దొంగను పట్టడానికి కాదు, కాంట్రాక్టరు మాట తప్పకుండా ఉండడానికి. ఇక డీఎన్ఏ పరీక్ష నిందితులను ఇరికించడానికే పుట్టిందనేవారు ఇంగ్లండులో ఆ పరీక్షను కనిపెట్టిన శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ చేసిన తొలి నేర పరీక్షను చూడాలి: హత్య చేశానని ఒప్పుకున్న 17 ఏళ్ల యువకుణ్ణి అది నిర్దోషిగా తేల్చింది, అసలు హంతకుడికి 1988లో శిక్ష పడింది.