మాస్కో నది పేరు తీసేసిన పాట

2022 వసంతంలో లాస్ వేగస్ వేదిక మీద జర్మన్ రాక్ బృందం స్కార్పియన్స్ గాయకుడు క్లాస్ మైనె తన పాట 'విండ్ ఆఫ్ ఛేంజ్' తొలి పంక్తులను మార్చి పాడారు. మాస్కో నది, ఆ నగరంలోని గోర్కీ పార్కు పోయి ఉక్రెయిన్ పేరు వచ్చింది. ఆ ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. ముప్పై ఏళ్లుగా లోకమంతా పాడుకుంటున్న పాటలో మాటలు మార్చడానికి, రాసిన మనిషికే అయినా, చాలా గుండె నిబ్బరం కావాలి.

స్కార్పియన్స్‌ను రుడాల్ఫ్ షెంకర్ 1965లో జర్మనీలోని హానోవర్‌లో మొదలుపెట్టారు. ఆయన, కొన్నేళ్లకు వచ్చి చేరిన మైనె, ఇద్దరూ 1948లో పుట్టినవారే. బాంబు దాడుల్లో కుప్పకూలిన హానోవర్ తిరిగి లేస్తున్న కాలంలో పెరిగిన తరం అది. బయటి దేశాల్లో జర్మన్ల మీద అనుమానం ఇంకా చల్లారని రోజులవి. ఈ బృందం కథను ఆ నేపథ్యం లేకుండా చెబితే సగమే చెప్పినట్టు.

తొలి ఆల్బమ్ 1972లో వచ్చింది. మరుసటి ఏడాదే బృందంలో గిటార్ వాయించే రుడాల్ఫ్ తమ్ముడు మైకేల్ బ్రిటన్ రాక్ బృందం యూఎఫ్‌ఓలో చేరిపోగా, ఆ గిటార్ ఉలి యాన్ రోత్ అనే వాద్యకారుడి చేతికి వచ్చింది. 1978లో టోక్యో కచేరీల్లో వాళ్లు 'కోజో నో త్సుకి' అనే జపాన్ పాటను జపనీస్‌లోనే పాడారు. వెళ్లిన చోట అక్కడివాళ్ల భాషను నోట పలకాలన్న ఆ మర్యాద నాకు ఎంతో నచ్చుతుంది. తర్వాత 'విండ్ ఆఫ్ ఛేంజ్'ను రష్యన్‌లోనూ రికార్డు చేశారు.

1981లో మైనె గొంతు పోయింది. మరో గాయకుణ్ణి చూసుకోండని ఆయనే చెప్పినా మిత్రులు వినలేదు. శస్త్రచికిత్స అయ్యి, గొంతు కోలుకునేదాకా ఆగారు. 1982లో 'బ్లాకౌట్', 1984లో 'లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్' వచ్చి వాళ్లను అమెరికాలోనూ పెద్ద పేరుగా నిలిపాయి.

అసలు మలుపు 1988 ఏప్రిల్‌లో, సోవియట్ యూనియన్‌లో వచ్చింది. మాస్కో కచేరీలు రద్దయినా లెనిన్‌గ్రాడ్‌లో పది జరిగాయి. హిట్లర్ సైన్యం దాదాపు 900 రోజులు ముట్టడించి, లక్షలమందిని ఆకలితో చంపిన నగరం అది. మా తండ్రులు ట్యాంకులతో వచ్చారు, మేము గిటార్లతో వచ్చామన్న భావాన్ని బృందం పలుమార్లు చెప్పుకుంది. 1989 ఆగస్టులో మాస్కో లెనిన్ స్టేడియంలో జరిగిన శాంతి ఉత్సవానికి మళ్లీ వెళ్లారు. ఒక సాయంత్రం సంగీతకారులు, విలేకరులు, సోవియట్ సైనికులు ఒకే పడవలో గోర్కీ పార్కుకు ప్రయాణించారు. ఆ దృశ్యం మైనె మనసులో నిలిచిపోయింది. ఇంటికి తిరిగొచ్చాక ఈ పాట రాశారు.

ఇది బెర్లిన్ గోడ కూలినందుకు కట్టిన పాట అని చాలామంది అనుకుంటారు. గోడ కూలింది ఆ నవంబరు 9న, మైనె రాసింది అంతకుముందే. అయితే పాట 1990 చివర్లో 'క్రేజీ వరల్డ్' ఆల్బమ్‌లో, ఆ తర్వాత 1991లో సింగిల్‌గా వచ్చేసరికి యూరప్ ముఖచిత్రమే మారిపోయింది. అందుకే జనం దాన్ని ఆ మార్పుకు గుర్తుగా చేసుకున్నారు. జర్మనీలో మొదటి స్థానం, అమెరికాలో నాలుగో స్థానం దక్కాయి. 1991 డిసెంబరులో సోవియట్ అధినేత గోర్బచేవ్ వాళ్లను క్రెమ్లిన్‌కు పిలిచారు. ఆ నెల ముగిసేలోపే సోవియట్ యూనియన్ లేకుండా పోయింది.

2010లో వీడ్కోలు ప్రకటించి కూడా వాళ్లు ఆగలేదు. 2020లో ఈ పాటను అమెరికా గూఢచార సంస్థ సీఐఏ రాయించిందన్న పుకారు మీద ఒక పాడ్‌కాస్ట్ వచ్చింది, మైనె కాదన్నారు. ఆ పడవ ప్రయాణాన్ని ఎరిగినవారికి పాట పుట్టుకకు వేరే కారణం వెతకాల్సిన పని కనబడదు.

2022లో పాట మాటలు మార్చడానికి మైనె చెప్పిన కారణం సూటిగా ఉంది: ఉక్రెయిన్‌లో యుద్ధం నడుస్తుండగా రష్యాను అందంగా వర్ణించే సమయం కాదిది. పాట మొదట్లో వచ్చే ఆ ఈల మాత్రం అలాగే ఉంది. అది ముగియగానే మాస్కో కోసం ఎదురుచూసే చెవికి ఇప్పుడు ఉక్రెయిన్ వినిపిస్తుంది.