రాజేంద్రనగర్‌కు నార్మ్ ఎందుకు వచ్చింది

ఏ రాష్ట్రంలో పుట్టినా, ఏ పంట మీద పీహెచ్‌డీ చేసినా, భారత వ్యవసాయ పరిశోధన మండలిలో శాస్త్రవేత్తగా ఎంపికైతే ముందు హైదరాబాద్ రావాల్సిందే. రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ, అందరి నోటా ‘నార్మ్’, వాళ్లకు ఫౌండేషన్ కోర్సు నడుపుతుంది. ప్రాజెక్టు రాయడం, నలుగురితో కలిసి పనిచేయడం, కొన్నాళ్లు పల్లెలో ఉండి రైతు చెప్పేది వినడం అక్కడి చదువు. శాస్త్రవేత్తలకు ఇలాంటి చదువు కావాలన్న పట్టుదల వెనక ఒక చావు ఉంది.

1972 మేలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఒక యువ శాస్త్రవేత్త ప్రాణం తీసుకున్నారు. ఉద్యోగంలో ఎదగనివ్వలేదన్న బాధ ఒక్కటే కాదు, పైవాళ్ల ఆలోచనకు అతికేలా అశాస్త్రీయమైన లెక్కలు పోగవుతున్నాయని కూడా ఆయన ఉత్తరంలో రాశారు. నాకు ఈ రెండో మాటే ఎక్కువ బరువుగా తోస్తుంది.

సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. అప్పట్లో పై పోస్టు ఖాళీ అయితే తప్ప పైకి పోయే దారి లేదు. ఆ ఒక్క ఖాళీకి పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగితోనే పోటీ. ఖాళీ వేరే ఊళ్లో ఉంటే చేస్తున్న పరిశోధన సగంలో వదిలి పోవాలి. తీరా ఎక్కాక చేతిలో మిగిలేది ఫైలు.

1973 నవంబరులో వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి ఏర్పడింది. 1975 అక్టోబరు 1న వ్యవసాయ పరిశోధన సర్వీసు (ఏఆర్‌ఎస్) మొదలైంది. ఖాళీతో పని లేకుండా అయిదేళ్లకోసారి శాస్త్రవేత్త పనిని మదింపు చేసి, తన సబ్జెక్టులో ఉండగానే పై గ్రేడు ఇవ్వడం దాని ప్రాణం. ఆ మరుసటి ఏడాదే, 1976లో, రాజేంద్రనగర్‌లో ఈ శిక్షణాలయం వెలిసింది. తొలి పేరు కేంద్ర వ్యవసాయ స్టాఫ్ కాలేజీ.

అయితే ఇవన్నీ ఉత్తరంలోని మొదటి బాధకు మందు. రెండోదానికి నాకు కనిపించే మంచి జవాబు అప్పటికే అదే రాజేంద్రనగర్‌లో పొలాల్లో పెరుగుతోంది. 1965లో హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం మొదలైంది. దాని తొలి సమన్వయకర్త ఎస్.వి.ఎస్. శాస్త్రి. ఒక కేంద్రంలో పుట్టిన వంగడాన్ని వేరువేరు రాష్ట్రాల పొలాల్లో, వేరువేరు మనుషులు నాటి చూస్తారు. పెంచినవాడి పేరు కాదు, ఒక నంబరు మోసుకుని అది పోటీలోకి దిగుతుంది. దిగుబడులన్నీ ఏటా అందరూ కూర్చునే సమావేశంలో బల్ల మీదికి వస్తాయి. ఒక డైరెక్టరుకు నచ్చిందని కటక్‌లో పండని వరి పండినట్టు రాయడం ఇక్కడ కష్టం. 1968లో విడుదలైన ‘జయ’ ఈ దారిలోనే వచ్చింది.

ఆ అలవాటు ఊరికే పోలేదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి అన్నం మనకెంత ప్రీతో, బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు ఆ పైరు అంత లోకువ. రాజేంద్రనగర్ వరి పరిశోధకులూ, నగరానికి ఆ కొసన హబ్సిగూడలో ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలూ కలిసి దానిలోకి మూడు నిరోధక జన్యువులు తెచ్చారు. మెరుగుపరిచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. రెండు వేరు మంత్రిత్వ శాఖల కింది సంస్థలవి. పొలం వాళ్లదీ ప్రయోగశాల వాళ్లదీ ఒకే పనిగా నడవాలంటే రెండు చోట్లా పైనున్నవాళ్లు అడ్డుపడకుండా ఉండాలి. అది చిన్న సంగతి కాదు.

డైరెక్టర్లుగా, విభాగాధిపతులుగా ఎంపికైనవాళ్లు కూడా నార్మ్‌కే మళ్లీ శిక్షణకు వస్తారు. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు కోర్సు నెలల్లో ఉంటుంది, వాళ్ల పనిని మదింపు చేయబోయే పెద్దలకు రోజుల్లో. 1972 నాటి ఆ ఉత్తరం రాసింది పెద్దల గురించి.