ఏడు సెకన్లు ఫ్రీ కాదు తమ్ముడూ: డాఫ్ట్ పంక్ గురించి, శాంపిల్స్ గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

"ఆ పాత పాట ముక్కను ఏడు సెకన్లలోపే వాడాను అన్నా, ఏమీ కాదు."

మిక్సింగ్ కోసం మా స్టూడియోకి వచ్చే కుర్రాళ్ల నోట ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. ఆ అంకె కూడా మనిషిని బట్టి మారుతుంటుంది. ఒకడు ఆరంటాడు, ఒకడు పదంటాడు, ఇంకొకడు ఏకంగా ముప్పై అంటాడు. ఎక్కడ చదివావురా అంటే చెప్పలేడు. ఇంకాస్త గట్టిగా అడిగితే చివరి అస్త్రం బయటికి తీస్తాడు: "డాఫ్ట్ పంక్ చేసిందీ అదే కదన్నా! పాత రికార్డులు కోసి అతికించి కోట్లు సంపాదించారు, గ్రామీలు కొట్టారు, చాలనుకున్నాక విడిపోయారు."

డాఫ్ట్ పంక్ అనే ఆ పారిస్ ఎలక్ట్రానిక్ సంగీత జంట పాటలు వింటూనే నేను ఈ పనిలోకి వచ్చాను. వాళ్ల పేరు అడ్డం పెట్టుకుని తమ్ముళ్లు తమ పాటల్ని తామే ముంచుకుంటుంటే ఊరుకోబుద్ధి కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: శాంపిల్, అంటే వేరే రికార్డింగ్‌లోంచి కోసుకున్న ముక్క, చిన్నదైతే అనుమతి అక్కర్లేదు. డాఫ్ట్ పంక్ అలాగే ఎదిగారు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో పెద్ద సవరణ జరిగింది. అందులో ఎంత వెతికినా "ఇన్ని సెకన్ల శాంపిల్ ఉచితం" అనే వాక్యం దొరకదు. ఫ్రాన్స్‌లో లేదు, అమెరికాలోనూ లేదు. జర్మనీలో ఏం జరిగిందో చూడండి. క్రాఫ్ట్‌వెర్క్ అనే బ్యాండ్ 1977లో విడుదల చేసిన పాటలోంచి రెండంటే రెండు సెకన్ల డ్రమ్స్ ముక్క తీసి, 1997లో ఒక నిర్మాత ర్యాప్ పాట కింద లూప్ చేశాడు, అంటే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టాడు. ఆ రెండు సెకన్ల మీద కేసు ఇరవై ఏళ్లకు పైగా సాగింది. 2019లో యూరోపియన్ యూనియన్ కోర్టు దాకా వెళ్లింది. చెవికి గుర్తుపట్టలేనంతగా మార్చేస్తే తప్ప, ఎంత చిన్న ముక్కకైనా రికార్డింగ్ యజమాని అనుమతి కావాల్సిందేనని ఆ కోర్టు చెప్పింది.

ఇది చెప్పగానే "అయితే పిచ్ (శృతి) మార్చేస్తా" అంటారు. సరే, రెండు మెట్లు పెంచావు. మరి ఆ బిట్ ఎందుకు పెట్టుకున్నావు? వినగానే జనం గుర్తుపట్టి ఈల వేయాలనే కదా! జనం గుర్తుపట్టేదాన్ని, పాటల్ని పోల్చి చూసే యూట్యూబ్ కంటెంట్ ఐడీ కూడా పట్టేస్తుంది. జనం గుర్తుపట్టనంతగా మార్చేస్తే ఇక అది పెట్టుకుని లాభమేంటి?

ఇప్పుడు డాఫ్ట్ పంక్ సంగతికి వద్దాం. 2001లో వచ్చిన డిస్కవరీ ఆల్బమ్‌లో డెబ్భైల నాటి శాంపిల్స్ చాలానే ఉన్నాయి, నిజమే. "హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్" కింద తిరుగుతున్న ఆ కీబోర్డ్ గ్రూవ్ 1979లో ఎడ్విన్ బర్డ్‌సాంగ్ చేసింది. "డిజిటల్ లవ్" మొదలయ్యేది అదే ఏడాది జార్జ్ డ్యూక్ పాటతో. మన వాళ్లు చూడనిదల్లా ఆ పాటల రచయితల పేర్లు. డాఫ్ట్ పంక్ పక్కనే బర్డ్‌సాంగ్ పేరుంటుంది, డ్యూక్ పేరుంటుంది. రచయితగా పేరుందంటే పాటలో వాటా ఉన్నట్టే. 2007లో ర్యాపర్ కాన్యే వెస్ట్ ఆ "హార్డర్, బెటర్" పాటను తీసుకుని "స్ట్రాంగర్" చేస్తే, అందులోనూ బర్డ్‌సాంగ్ పేరు చేరింది. పెద్దాయన 1979లో చేసిన పని రెండు తరాల పాటలకు పాకింది. దీన్ని కోసి అతికించడం అని ఎవరైనా అంటే వాళ్లిష్టం. నేను మాత్రం లెక్క తేల్చి వాడుకోవడం అంటాను.

ఇక "వన్ మోర్ టైమ్". నేర్చుకునే వాళ్లు కూర్చుంటే నేను తప్పకుండా చేసి చూపించే పాట ఇది. ఎడ్డీ జాన్స్ అనే గాయకుడి 1979 నాటి డిస్కో పాట తీసుకోండి. అందులో బ్రాస్ (ట్రంపెట్ లాంటి బాకాలు) ఒక దారిన పోతుంటుంది. దాన్ని అలాగే లూప్ చేస్తే ఏమీ రాదు. ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క కోసి, వరస మార్చి, పక్కపక్కన పేర్చితే అసలు పాటలో లేనే లేని ట్యూన్ పుడుతుంది. స్క్రీన్ మీద ఆ ముక్కల్ని ఒక్కొక్కటే జరుపుతుంటే, నాలుగో ఐదో ముక్క పడేసరికి కుర్రాళ్ల మొహాలు వెలిగిపోతాయి. అక్కడిదాకా సంతోషమే.

ఈ పాటలోనే చేదు కూడా ఉంది. ఎడ్డీ జాన్స్ రికార్డింగ్ హక్కులు ఒక ఫ్రెంచ్ కంపెనీ చేతిలో ఉన్నాయి. శాంపిల్ డబ్బు ఆ కంపెనీకి అందుతూనే ఉన్నా, పాడిన మనిషికి మాత్రం ఇరవై ఏళ్లపాటు ఏమీ చేరలేదని 2021లో ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టింది. ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలి, డబ్బు ఎవరికి చేరుతుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఇందులో మన పాత గాయకుల కథలు మీకు గుర్తొస్తే మీ తప్పేం లేదు.

అనుమతి కూడా ఒకటి కాదు, రెండు. రికార్డింగ్ మీద హక్కు లేబుల్‌ది, అంటే మ్యూజిక్ కంపెనీది. ట్యూన్, సాహిత్యం కంపోజర్, రచయితలవి. వాటి రాయల్టీ వ్యవహారాలు మన దగ్గర ఐపీఆర్ఎస్ అనే సంఘం చూస్తుంది. "నేను శాంపిల్ వాడలేదన్నా, అదే బిట్ కీబోర్డ్ మీద వాయించాను" అనేవాళ్లు మొదటి గండం దాటారు, రెండోది అలాగే ఉంది. జానపదం అయితే ఫ్రీ అనే మాటా సగమే నిజం. పాట ఊరిదే కావచ్చు, కానీ నువ్వు శాంపిల్ తీసిన ఆ రికార్డింగ్ ఎవరో ఒకరిది. కవర్ సాంగ్ సంగతి వేరు. దానికి ఐదేళ్ల నిబంధన, ముందస్తు నోటీసు, రాయల్టీ అని చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది. అది ఇంకోసారి.

ఒకసారి కరీంనగర్ వైపు కుర్రాడొకడు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఫోక్ డీజే పాట చేశాడు. మధ్యలో పాత సినిమా పాటలోని షెహనాయి బిట్ పెట్టాడు. పాట బాగా పోయింది, ఊళ్లో బారాత్‌లన్నిట్లో అదే. తర్వాత లేబుల్ నుంచి క్లెయిమ్ వచ్చింది. "అన్నా, పోలీసులు వస్తారా? అమ్మ ఏడుస్తోంది" అంటున్నాడు. పాపం, వాడి గొంతు వణుకుతోంది. ఇలాంటి వాళ్ల మీద నాకు కోపం రాదు. సెకన్ల లెక్క వాడి చెవిలో ఊదినవాడి మీద వస్తుంది.

టెన్షన్ పడుతున్న వాళ్లందరికీ వాడికి చెప్పిందే చెబుతున్నాను. క్లెయిమ్ అంటే కేసు కాదు. ఆ వీడియో మీద వచ్చే యాడ్స్ డబ్బు హక్కుదారుకు మళ్లుతుంది, లేదా కొన్నిచోట్ల వీడియో ఆగుతుంది. స్ట్రైక్, అంటే హక్కుదారు ఫిర్యాదు మీద యూట్యూబ్ వీడియో తీసేసి చానల్‌కి వేసే మచ్చ, అది సీరియస్. 90 రోజుల్లో మూడు పడితే చానల్ పోతుంది. లీగల్ నోటీసు వస్తే మాత్రం యూట్యూబ్ కామెంట్లలో సలహాలు అడగకుండా లాయర్ దగ్గరికి వెళ్లండి. ఆ కుర్రాడిది క్లెయిమ్ దగ్గరే ఆగింది. కాకపోతే అప్పటికే ఆ పాటను సినిమాకి అడుగుతున్న వాళ్లు, హక్కులు క్లియర్‌గా లేవని తెలిసి వెనక్కి తగ్గారు. అసలు నష్టం అక్కడ. మేము ఒక షెహనాయి ఆయన్ని పిలిపించి, వేరే ట్యూన్‌తో కొత్త బిట్ వాయించుకుని, పాటను మళ్లీ విడుదల చేశాం. ఇప్పుడది పూర్తిగా వాడిదే. నిజం చెప్పాలంటే వినడానికి పాత బిట్టే బాగుండేది.

అపోహ: అంతా కంప్యూటర్ పని, ఎవడైనా చేయొచ్చు.

డాఫ్ట్ పంక్ 1997 నాటి హోమ్‌వర్క్ ఆల్బమ్, ఆ ఇద్దరిలో ఒకడైన థామస్ బంగల్తేర్ ఇంట్లో, పడకగదిలో తయారైంది. అది చూపించి "మాకూ లాప్‌టాప్ ఉంది" అంటారు. సంతోషం, చేయండి. కానీ 2013 నాటి రాండమ్ యాక్సెస్ మెమరీస్ కూడా వినండి. డ్రమ్స్ దగ్గర ఒమర్ హకీమ్, జాన్ రాబిన్సన్. బేస్ నేథన్ ఈస్ట్. గిటార్ నైల్ రాడ్జర్స్. మొత్తం ఆల్బమ్‌లో శాంపిల్ ఉన్నది చివరి పాటలోనే. 2014 గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్, "గెట్ లక్కీ"కి రికార్డ్ ఆఫ్ ది ఇయర్ వచ్చాయి. దాంతోపాటు ఇంజనీరింగ్‌కి ఇచ్చే గ్రామీ కూడా ఆ ఆల్బమ్‌కే దక్కింది. మా వృత్తి వాళ్లం ఎక్కువ మురిసిపోయింది ఆ చివరి దానికే.

అపోహ: వాళ్లది రాత్రికి రాత్రి వచ్చిన అదృష్టం.

థామస్, గీ-మాన్యుయెల్ ద ఒమెమ్-క్రిస్తో 1987లో పారిస్‌లోని లిసే కార్నో స్కూల్లో కలిశారు. మొదట పెట్టిన గిటార్ బ్యాండ్ డార్లిన్. ఒక ఇంగ్లిష్ పత్రిక దాన్ని తిడుతూ వాడిన మాటల్లోంచే డాఫ్ట్ పంక్ పేరు పుట్టింది. స్కాట్లాండ్‌లోని సోమా అనే చిన్న లేబుల్ 1994లో మొదటి రికార్డు వేసింది. పెద్ద కంపెనీ వర్జిన్ 1996లో తలుపు తట్టినప్పుడు, డబ్బు కంటే ముందు తమ సంగీతం మీద పట్టు తమ దగ్గరే ఉండాలని పట్టుబట్టారు. ఆ వయసులో అంత తెలివి ఎక్కడిదంటే, థామస్ నాన్న డేనియల్ వాంగార్డ్ డిస్కో కాలంలో పేరున్న నిర్మాత. ఆయన సలహాలకు హోమ్‌వర్క్ ఆల్బమ్ నోట్స్‌లో కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నారు.

అన్నట్టు ఆ నాన్నగారి ట్యూన్ మీకూ వచ్చు. 1980లో ఒట్టావాన్ గ్రూప్ కోసం ఆయన, జాన్ క్లూగర్ కలిసి చేసిన ఫ్రెంచ్ పాట ఆధారంగానే 1982లో బప్పీలహరి "జిమ్మీ జిమ్మీ జిమ్మీ ఆజా" వచ్చింది. మా ఊరి పెళ్లిళ్లలో బ్యాండు వాళ్లు వాయించగా వాయించగా అది మన పాటే అనుకున్నాం. డాఫ్ట్ పంక్ ఇంటి చుట్టరికం మనకు అంతకుముందే ఉందన్నమాట.

వాళ్లు జనం ముందుకొచ్చేటప్పుడు పెట్టుకున్న రోబో హెల్మెట్ల గురించి ఒక్క ముక్క. 1999 సెప్టెంబర్ 9న, ఉదయం 9 గంటల 9 నిమిషాలకు స్టూడియోలో శాంప్లర్ పేలి రోబోలమైపోయాం అని వాళ్లు చెప్పింది జోక్. దాన్ని నిజమని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో నేను వాదించను.

అపోహ: గొడవపడి విడిపోయారు. జంట విడిపోతే పాటలూ పోతాయి.

2021 ఫిబ్రవరి 22న "ఎపిలాగ్" పేరుతో దాదాపు ఎనిమిది నిమిషాల వీడియో పెట్టారు. అందులో ఎక్కువ భాగం 2006లో వాళ్లే తీసిన ఎలక్ట్రోమా సినిమాలోది. ఎడారిలో ఇద్దరు రోబోలు నడుస్తుంటారు. ఒకడు ఆగి వీపు చూపిస్తాడు, రెండోవాడు అక్కడున్న స్విచ్ నొక్కుతాడు, మొదటివాడు ఒంటరిగా కొంత దూరం నడిచి పేలిపోతాడు. తర్వాత తెర మీద 1993-2021 అని పడుతుంది. విడిపోయిన మాట నిజమేనని వాళ్ల ప్రతినిధి చెప్పారు. కారణం చెప్పలేదు. అంతే, మర్నాటికల్లా యూట్యూబ్‌లో డబ్బు గొడవలనీ, అలిగారనీ థంబ్‌నెయిల్స్ మొదలు. వీళ్లకు ఎవరు చెప్పారో! ఆ జంట చివరిసారి వేదికెక్కింది 2017 గ్రామీల్లో, ది వీకెండ్ అనే గాయకుడి పక్కన. తర్వాత నాలుగేళ్ల మౌనం ఎలాగూ ఉంది. 2023లో థామస్ మాట్లాడినప్పుడు నిందలేమీ వేయలేదు. కృత్రిమ మేధ ముంచుకొస్తున్న ఈ కాలంలో తాను రోబోగా కనిపించాలనుకోవడం లేదన్నాడు. అప్పటికే బోర్డో ఒపేరాలో ఒక బ్యాలేకి ఆర్కెస్ట్రా సంగీతం రాసి ఉన్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి మళ్లీ కలుస్తారని మరో పుకారు లేచింది. కలవలేదు. ముగింపు వేడుకలో ఫీనిక్స్ బ్యాండ్ వాయించింది. అందులో గిటార్ పట్టిన లారాన్ బ్రాంకోవిట్స్ డార్లిన్ రోజుల్లో వీళ్లతో మూడో మనిషి.

పుకార్లు అటుంచితే, దీన్ని చూసి నిజంగా భయపడేవాళ్లున్నారు. ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి చానల్ పెట్టి పది పాటలు చేస్తారు. ఒకడికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, లేదా పెళ్లవుతుంది. "మేం విడిపోతే పాటలు తీసేయాలా అన్నా?" అని అడుగుతారు. అక్కర్లేదు. డాఫ్ట్ పంక్ విడిపోయాక రెండేళ్లకు, 2023లో, రాండమ్ యాక్సెస్ మెమరీస్ పదేళ్ల ఎడిషన్ అదనపు పాటలతో వచ్చింది. అదే ఏడాది డ్రమ్స్ తీసేసిన వెర్షన్ కూడా వచ్చింది. మనుషులు విడిపోయినా హక్కులు ఎవరివి వాళ్లకే ఉంటాయి, డబ్బు వస్తూనే ఉంటుంది. ఎవరికెంత అన్నది ముందే రాసుకుని ఉంటే.

మన కుర్రాళ్లు రాసుకోరు. "మా మధ్య కాగితాలేంటన్నా" అంటారు. చానల్ ఒకడి జీమెయిల్ మీద, పాటల్ని యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఇంకొకడి బ్యాంకు మీద ఉంటాయి. మాటలు బంద్ అయ్యాక పాస్‌వర్డ్ అడగడానికి నన్ను మధ్యలో పెడతారు. అందుకే ఇప్పుడు మా దగ్గర ఫైనల్ మిక్స్ చేతికివ్వాలంటే ఒక కాగితం నింపాలి. పాట పేరు, తేదీ, ట్యూన్ ఎవరిది, సాహిత్యం ఎవరిది, పాడిందెవరు, వాయించిందెవరు, ఎవరి వాటా ఎంత, బయటి శాంపిల్ ఉంటే ఎవరి దగ్గర అనుమతి తీసుకున్నారు. కింద అందరి సంతకాలు. షెహనాయి వాయించినాయన సంతకం కూడా.